నాన్న స్నేహితుడి పేరు వెతుక్కుంటూ బెంగళూరులో

శుక్రవారం

రైలు యలహంకలో ఆగగానే అమ్మ కిటికీలోంచి బయటికి చూసి, "తాజ్ హోటల్లో చనిపోయిన ఆ అబ్బాయి పేరు మీద ఇక్కడే కదా రోడ్డుంది" అంది. మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ గురించి. 2008 నవంబరులో టీవీ ముందు నుంచి కదలకుండా కూర్చున్న మూడు రోజులూ అమ్మకి ఇంకా గుర్తే. సియాచిన్ మంచు కింద 2016లో పోయిన కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మద్, గల్వాన్‌లో 2020లో పోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు, ఆ మరుసటి ఏడాది కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన చిత్తూరు జిల్లా సాయితేజ. వీళ్ళ ఊళ్ళు, ఎంతమంది పిల్లలు, అన్నీ చెబుతుంది. పేపర్లో ఫొటో వస్తే కత్తిరించి బీరువాలో పెడుతుంది. సైనికుడి భార్యగా బతికిన మనిషికి ఆ వార్తలు వార్తల్లా ఉండవు.

నాన్న మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీరింగ్ దళంలో చేశారు. 1969లో చేరి, 1993లో హవల్దారుగా రిటైరై, వినుకొండ దగ్గర మా ఊరొచ్చి మిరప, కంది వేసుకుంటూ ఉండిపోయారు. పోయిన మాఘంలో ఇంట్లోనే, నిద్రలో వెళ్ళిపోయారు. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద ఉంటాయి. యుద్ధం చేసి బతికి తిరిగొచ్చినవాళ్ళ పేర్లు రేషన్ కార్డులోనూ పెన్షన్ బుక్కులోనూ తప్ప ఎక్కడా ఉండవు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళయితే వేరు, అక్కడ ఇంటింటికీ ఒక సైనికుడి కథ ఉంటుంది. మా ఊళ్ళో నాన్నొక్కరే. ఆయన ఏం చేశారో అడగాల్సిన మనుషులు బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి, డిసెంబరులో విజయ్ దివస్ (1971లో పాకిస్తాన్ మీద గెలిచిన రోజు) దగ్గర పడే రోజులు చూసుకుని అమ్మని తీసుకొచ్చాను.

అక్క, బావగారు కె.ఆర్.పురంలో ఉంటారు. వాళ్ళ అపార్ట్‌మెంట్లో సగం మంది మనవాళ్ళే, లిఫ్టులో తెలుగే వినిపిస్తుంది. సాయంత్రం బాబాయి వచ్చారు. సొంత బాబాయి కాదు. నాన్నతో ఒకే బ్యాచ్‌లో చేరిన మదనపల్లె ఆయన, రిటైరయ్యాక హలసూరులో స్థిరపడ్డారు. నాన్న పోయినప్పుడు ఆయనకి కంటి ఆపరేషనై రాలేకపోయారు. గుమ్మంలో అమ్మని చూడగానే "వదినమ్మా" అని ఆగిపోయారు. అమ్మ కూడా ఏమీ అనలేదు. అక్క కాఫీ తెచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

కాఫీ అయ్యాక అమ్మ పతకాల పొట్లం విప్పింది. నాన్న నల్ల ట్రంకు పెట్టెలో, యూనిఫాం బెల్టు కింద, పంచె ముక్కలో చుట్టి ఉండేవి. రిబ్బన్లు చివికిపోయి ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. బాబాయి ఒక్కోటీ తీసి ముఖం వైపు చూడకుండా అంచు తిప్పి చూశారు. నేనెప్పుడూ గమనించలేదు, పతకం అంచు చుట్టూ సన్నని అక్షరాల్లో నాన్న నంబరు, చివర ఒక ఇంగ్లీషు అక్షరం, తర్వాత హోదా, పేరు చెక్కి ఉన్నాయి. 1971వి రెండింటి మీద హోదా సాపర్, అంటే మామూలు జవాను, అనే ఉంది. శ్రీలంక వెళ్ళొచ్చాక ఇచ్చిన విదేశ్ సేవా పతకం మీద హవల్దార్ అని ఉంది. "చూడబ్బాయ్, మీ నాన్న సర్వీసంతా ఈ అంచుల మీదే ఉంది" అన్నారు బాబాయి. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళయినప్పటిది, ఇరవై ఏళ్ళ సర్వీసుది, ఒక్కోటీ ఎందుకిచ్చారో చెబుతుంటే అక్క కాగితం మీద రాసుకుంది. చింతపండుతో తోమొద్దు, అంచు అక్షరాలు అరిగిపోతాయి, మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు అని అమ్మకి రెండుసార్లు చెప్పారు. ఇంట్లో ఇలాంటి పతకాలున్నవాళ్ళు ఒకసారి ఆ అంచు చూడండి. సర్వీసు నంబరు దొరికితే రికార్డు ఆఫీసుకి రాయడానికి దారి దొరికినట్టే.

శనివారం

పొద్దున ఆరింటికే బ్రిగేడ్ రోడ్డు చేరాం. ట్రాఫిక్ మొదలయ్యాక అక్కడి స్తూపాన్ని ఎవరూ చూడలేరు, రోడ్డు దాటడమే టెన్షన్. రెసిడెన్సీ రోడ్డు కలిసే చోట నిలబడిన రాతి స్తూపం అది, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మద్రాసు పయనీర్లది. పయనీర్లంటే తుపాకీతో పాటు పార, గొడ్డలి కూడా మోసిన పటాలాలు. రోడ్లు వేస్తూ, కందకాలు తవ్వుతూ పోరాడేవాళ్ళు. 1930ల్లో ఆ పటాలాలు రద్దయినప్పుడు మద్రాసు పయనీర్లని సాపర్స్‌లో కలిపేశారు. ఆ లెక్కన వీళ్ళు నాన్నకి పెద్దలే. స్తూపం చుట్టూ షాపుల బోర్డులు, పబ్బులు. రాత్రి పార్టీ నుంచి ఇళ్ళకి పోతున్న కుర్రాళ్ళు ఇద్దరు మమ్మల్ని చూసి ఆగారు. ఇదేంటని అడిగితే బాబాయి కన్నడంలో ఓపిగ్గా చెప్పారు. ఒకబ్బాయి చెప్పులు విప్పి దండం పెట్టి వెళ్ళాడు.

జె.సి. నగర్‌లో మైసూర్ లాన్సర్ల స్మారకం దగ్గర కాసేపే ఆగాం. 1918 సెప్టెంబరు 23న, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా ఊరిని గుర్రాల మీద, ఈటెలతో పట్టుకున్నది వీళ్ళూ జోధ్‌పూర్ వాళ్ళూ. అదే బ్రిగేడ్‌లో మన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే.

తర్వాత హలసూరు చెరువు. బెంగళూరు అంటే నాన్నకి ఐటీ కాదు, ఈ చెరువు. గట్టు పక్కనే సాపర్ల కేంద్రం, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సెంటర్ ఉంది. 1780లో మద్రాసులో రెండు కంపెనీల పయనీర్లతో మొదలైన దళం, 1834లో ఈ ఊరికి మారింది. లోపలికి వెళ్ళాలంటే ముందుగా పర్మిషన్ కావాలి. బాబాయి అడుగుతానన్నారు కానీ అమ్మ వద్దంది. "ఆయన పరిగెత్తిన చెరువు గట్టు చూపించండి చాలు" అంది. గట్టు మీద బెంచీ చూసుకుని కూర్చున్నాం. లోపలి నుంచి కుర్రాళ్ళు అడుగు కలిపి పరిగెడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

సాపర్లు ఒకరినొకరు తంబీ అనుకుంటారు. తెలుగువాడైనా మలయాళీ అయినా కన్నడిగుడైనా అక్కడ తంబీయే. బాబాయి మాటల్లో ఆ గర్వం దాగదు. ముళ్ళకంచెని పేల్చి దారి చేసే పొడవాటి గొట్టం, ప్రపంచమంతా బెంగళూరు టార్పెడో అనేది, 1912లో ఇక్కడే తయారైంది. దాన్ని చేసింది ఈ దళంలోని కెప్టెన్ మెక్‌క్లింటాక్. అంతకన్నా ఎక్కువసేపు సుబేదార్ సుబ్రమణియన్ గురించి చెప్పారు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మందుపాతరలు తీస్తుండగా ఒకటి పేలబోతుందని తెలిసి, మిగతావాళ్ళని కాపాడడానికి తన ఒళ్ళు దాని మీద వేసేశాడు. బ్రిటిష్ వాళ్ళ పెద్ద సాహస పతకం జార్జ్ క్రాస్ పొందిన మొదటి భారతీయుడు. "ట్రైనింగ్‌లో మాకు చెప్పిన మొదటి కథ ఇది. ఇరవై ఏళ్ళ పిల్లలం, రాత్రి మంచాల మీద పడుకుని, మనమైతే పడతామా అని మాట్లాడుకునేవాళ్ళం" అన్నారు.

అప్పుడు నేను ఆ పేరు అడిగాను.

మహాలయ అమావాస్య రోజున నాన్న తాతకి, నాయనమ్మకి తర్పణాలు వదిలాక చివర్లో ఇంకొక పేరు చెప్పేవారు. కారుణ్య తర్పణాల్లో స్నేహితుడికి కూడా చోటుంది, చాలామంది ఆ భాగం గబగబా దాటేస్తారు. నాన్న దాటేవారు కాదు. పురోహితుడు గోత్రం అడిగితే తెలియదనేవారు. తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పించడం ఆనవాయితీ కాబట్టి అదే చెప్పించి నువ్వులూ నీళ్ళూ వదిలించేవాడు. తమిళ పేరది. ఎవరు నాన్నా అంటే "నాతో ఉండేవాడు" అనేవారు, అంతే. వాళ్ళింటివాళ్ళని అడగకుండా ఆ పేరు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు.

బాబాయి చాలాసేపు చెరువు వైపు చూశారు. వేలూరు వైపు కుర్రాడట. ట్రైనింగ్‌లో నాన్న పక్క మంచం. ఇడ్లీ కోసం ఎక్కడికైనా నడిచేవాడట, నాన్నకి తమిళం నేర్పింది అతనేనట. 1971 డిసెంబరులో ముగ్గురూ షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర ఉన్నారు. నదికి ఇవతలా అవతలా పాకిస్తాన్ వాళ్ళు పాతిన మందుపాతరలు. ట్యాంకులు దాటాలంటే ముందు సాపర్లు వెళ్ళి దారి చేయాలి. పదహారో తేదీన పూనా హార్స్ ట్యాంకుతో పోరాడి ఇరవై ఒక్కేళ్ళకే పరమవీరచక్ర పొందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ గురించి దేశమంతా తెలుసు. ఆ ట్యాంకులు దాటిన దారి ముందు రాత్రి ఎవరు చేశారో తెలిసినవాళ్ళు తక్కువ.

"చలికి వేళ్ళు మొద్దుబారిపోయేవి" అన్నారు బాబాయి. బెంచీ మీద నా పెన్ను తీసుకుని చూపించారు. పొడిచే ఊచని నిటారుగా గుచ్చకూడదు. ఏటవాలుగా, నేలకి దాదాపు పడుకోబెట్టి, మెల్లగా తోయాలి. అలా అయితే మందుపాతర పక్కకి తగులుతుంది, పైభాగం మీద ఒత్తిడి పడదు. తగిలితే చేత్తో మట్టి తీయాలి. బోర్లా పడుకుని, పైన షెల్లింగ్ జరుగుతుండగా, జానెడు జానెడు. దాటేసిన జాగా పక్కన తెల్ల టేపు పరుచుకుంటూ పోతే వెనక వచ్చేవాళ్ళకి అదే దారి. ఆ రాత్రి టేపు చుట్ట పట్టుకున్నది నాన్న, ముందు ఊచ పట్టుకున్నది ఆ స్నేహితుడు. షెల్ పడింది. నాన్నకి ఎడమ చెవి వినిపించకుండా పోయింది, అది మాకు తెలుసు, బాంబు చప్పుడుకే అనుకునేవాళ్ళం. మిగతాది మాకు తెలియదు. స్నేహితుడిని పక్కకి జరిపి, ఊచ తను తీసుకుని, తెల్లారేదాకా నాన్న ఆ పని పూర్తి చేశారు.

అమ్మ అంతా విని "ఎడమ వైపు పడుకుంటే వినపడదని తిట్టేదాన్ని" అంది. ఇంకేమీ మాట్లాడలేదు.

ఆదివారం

ఇంట్లోనే ఉందామనుకున్నాం. మధ్యాహ్నం అమ్మే ఎక్కడికైనా పోదామంది. బావగారు కారులో బేగూరు తీసుకెళ్ళారు, నాగేశ్వర స్వామి గుడికి. దర్శనం చేసుకుని అమ్మ కూర్చుంటే, గుడి ఆవరణలో ఉన్న శాసనం చూశాను. సుమారు 890 నాటిది, గాంగుల కాలం. బెంగళూరు అనే పేరు రాతలో దొరికిన పాత ఆధారాల్లో అందరూ ముందు చెప్పేది దీన్నే. ఇంత పెద్ద నగరం పేరు పదకొండు వందల ఏళ్ళ నాడు ఎందుకు రాశారంటే, బెంగళూరు యుద్ధంలో బుట్టన సెట్టి అనే మనిషి చనిపోయాడని చెప్పడానికి. నాగత్తరుడనే నాయకుడి ఇంటివాడతను. ఆ యుద్ధం ఎవరి మధ్య, ఎవరు గెలిచారు అన్నది ఇవాళ ఎవరికీ పట్టదు. పోయినవాడి పేరు మిగిలింది, దానితో పాటు ఊరి పేరూ మిగిలింది.

కన్నడ నేలంతా ఇలాంటి వీరగల్లులే, పోరులో పోయినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాళ్ళు. కింద అరలో యుద్ధం, మధ్యలో అప్సరసలు వీరుణ్ణి తీసుకుపోవడం, పైన శివలింగం ముందు కూర్చోవడం. పల్నాడు వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మా కారంపూడిలో కార్తీక అమావాస్యకి పల్నాటి యుద్ధ వీరుల గుడి దగ్గర, ఆ వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని, వాళ్ళని కొలిచే ఆచారవంతులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులూ చేస్తారు. ఎనిమిది వందల ఏళ్ళుగా ఆ వీరుల పేర్లు చెప్పి పిలిచేవాళ్ళు ఉన్నారు కాబట్టే వాళ్ళు మా ఊళ్ళలో ఇంకా ఉన్నారు. మందపోరు రోజు అందరూ కలిసి తినే చాపకూడుకి కులం అడగరు. నాన్న ఒక్క ఏడూ తప్పించేవారు కాదు. సైన్యంలో ఉండగా కూడా సెలవు దొరికితే కార్తీకానికే పెట్టుకునేవారని అమ్మ చెప్పింది.

తిరిగొచ్చే దారిలో సిల్క్ బోర్డు దగ్గర చాలాసేపు ఆగిపోయాం. అమ్మ అప్పుడు శ్రీలంక రోజుల గురించి చెప్పింది. 1987లో నాన్న వెళ్ళినప్పుడు నాకు ఏడేళ్ళు. ఉత్తరాల మీద ఎక్కడున్నారో ఉండేది కాదు, కేరాఫ్ 56 ఎపిఓ అని సైనిక తపాలా నంబరు మాత్రమే. అమ్మకి ఆ నంబరే ఊరి పేరు. పొద్దున రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు అయ్యేదాకా పొయ్యి వెలిగించేది కాదట. శ్రీలంక వెళ్ళిన ఆ భారత శాంతి సేనలో దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు, అందులో మందుపాతరలకి పోయినవాళ్ళు చాలామంది. నాన్న పని కూడా అదే. ఆ రెండేళ్ళ గురించి నాన్న ఇంట్లో ఎప్పుడూ నోరెత్తలేదు, బాబాయి దగ్గర కూడా మాట్లాడలేదట. అడగకుండా ఉండడం కూడా మర్యాదేనని అమ్మ అభిప్రాయం. నేను ఒప్పుకోను. అడిగి ఉంటే ఆయన చెప్పేవారో లేదో కానీ, మేం తెలుసుకోవాలనుకుంటున్నామని ఆయనకి తెలిసేది. ఇంట్లో ఇంకా ఎవరైనా ఉన్నవాళ్ళు అడగండి, చెవి దగ్గర కూర్చుని అడగండి.

సోమవారం

నెహ్రూ ప్లానిటోరియం దగ్గరున్న జాతీయ సైనిక స్మారకం. అల్లంత దూరం నుంచే పెద్ద జెండా కనిపిస్తుంది. లోపల చెట్ల మధ్య నడుచుకుంటూ పోతే వీరగల్లు, ఒకే రాయి, 75 అడుగుల ఎత్తు. బేగూరులో నిన్న చూసినదాని ఇంటి పేరే దీనిదీ, దాని మనవడి లాంటిది. స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి ప్రాణాలిచ్చిన సైనికుల పేర్లు, 20,000కు పైగా, గ్రానైట్ పలకల మీద చెక్కారు.

పేర్ల మధ్య నడవడం మొదలుపెట్టాక కాలు త్వరగా పడదు. అమ్మకి చూపు సరిగ్గా ఆనదు కాబట్టి నేను పైకి చదువుతూ నడిచాను. సింగ్‌లు, గురుంగ్‌లు, నాయర్‌లు, ఖాన్‌లు. మధ్యలో ఒక రావు, ఒక రెడ్డి, ఒక అప్పారావు వస్తే అమ్మ "ఎక్కడివాడో" అనేది. మాతో పాటే నడుస్తున్న ఒక కొడగు ఆవిడ నేను చదవడం విని, వాళ్ళాయన పేరు కూడా చదవమని పలక దగ్గరికి తీసుకెళ్ళింది. చదివాను. ఇంకొకసారి చదవమంది.

చాలాసేపటికి దొరికింది. ఏటేటా అమావాస్యకి మా పెరట్లో వినిపించిన పేరు, రాతి మీద. బాబాయి టోపీ సర్దుకుని సెల్యూట్ చేశారు. డెబ్భై దాటిన చెయ్యి, అంగుళం కూడా వణకలేదు. అమ్మ పైటచెంగుతో ఆ అక్షరాల మీది దుమ్ము తుడిచింది. నిన్న హలసూరు పక్కన టైలర్ దగ్గర కొత్త రిబ్బన్లు వేయించిన నాన్న పతకాలు తన బ్యాగులోంచి తీస్తే, బాబాయి వాటిని నా చొక్కాకి కుడివైపు పెట్టారు. సంపాదించినవాడు ఎడమ వైపు పెట్టుకుంటాడు, ఆయన తరఫున పెట్టుకునే ఇంటివాళ్ళకి కుడివైపు.

"మీ నాన్న పేరు ఇక్కడ లేదని బాధపడుతున్నావా" అని అడిగింది అమ్మ. లేదన్నాను. "లేదు కాబట్టే నువ్వూ మీ అక్కా ఉన్నారు. ఈయన పేరు ఇక్కడ ఉంది కాబట్టి" అని ఆ పేరు మీద చెయ్యి అలాగే ఉంచింది.

సాయంత్రం హలసూరులో బాబాయి ఇంట్లో, పాత డైరీలు తిరగేసి, మరో ముగ్గురు రిటైరైన తంబీలకి ఫోన్లు చేసి, చివరికి ఆ స్నేహితుడి తమ్ముడి నంబరు పట్టారు. ఆయనకి ఇప్పుడు అరవై ఎనిమిది. అన్న పోయినప్పుడు పద్నాలుగేళ్ళ పిల్లాడు. బాబాయి తమిళంలో చెబుతుంటే అవతల నుంచి మాట లేదు. ఇన్నేళ్ళూ ఆంధ్రలో ఒక ఇంట్లో తన అన్నకి తర్పణం వదులుతున్నారన్నది ఆయనకి అర్థం కావడానికి రెండుమూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఫోన్ నాకివ్వమన్నారు. నాకొచ్చిన కాస్త తమిళంతోనే గోత్రం ఏమిటని అడిగాను. శివగోత్రం అన్నారు. అమ్మ వెంటనే రాసుకోమంది.

ఆయన అడిగింది ఒక్కటే, అన్న ఫొటో ఏమైనా ఉందా అని. వాళ్ళింట్లో ఉన్నది వరదలో పోయిందట. బాబాయి దగ్గర 1970 నాటి ట్రైనింగ్ గ్రూపు ఫొటో ఉంది, అట్ట మీద అంటించినది. దాన్ని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపాం. ఎవరు ఎక్కడున్నారో మేం రాయకముందే ఆయన నుంచి మెసేజ్ వచ్చింది, మూడో వరుస, ఎడమ నుంచి రెండు. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని చూసి అవునన్నారు. అతని పక్కన ఉన్నది నాన్న.

ఫొటో పెద్దది చేయించి వేలూరుకి పంపే పని అక్క తీసుకుంది. నాన్న సర్వీసు వివరాలన్నీ, బాబాయి చెప్పిన బసంతర్ రాత్రితో సహా, ఒక నోటుబుక్కులో రాసి మూడు కాపీలు తీయాలి. ఒకటి మా ఊరి హైస్కూలుకి ఇస్తాను. భాద్రపదంలో మహాలయానికి ఆ తమ్ముడు గారు, ఆయన కొడుకు వినుకొండ వస్తామన్నారు. బాబాయి వాళ్ళని వేలూరు నుంచి వెంటబెట్టుకొస్తానన్నారు. రైలు టిక్కెట్లు ముందే చేయించాలి, ఆ రోజుల్లో రద్దీ ఎక్కువ.